సెయిలింగ్ నేర్పి ఇల్లు గడపొచ్చా?

(సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ విద్యార్థులు, కొందరు తల్లిదండ్రుల ముందు ఒక సెయిలింగ్ (తెరచాప పడవలు నడిపే ఆట) కోచ్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసినప్పుడే నన్ను ఒక మాట అడిగారు. "మేడమ్, మా పిల్లలకి మిగతావి చెప్పినా చెప్పకపోయినా పర్వాలేదు. పడవ నడపడం నేర్పితే ఇల్లు గడుస్తుందా లేదా, అదొక్కటి చెప్పండి" అన్నారు. చాలా మంచి ప్రశ్న. గడుస్తుంది. నాకు గడుస్తోంది. అయితే ఎవరు, దేనికి, ఎన్ని నెలలు డబ్బులిస్తారు అనేది విప్పి చెప్పాలి. అందుకే వచ్చాను.

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు చూసినవాళ్ళు చేతులెత్తండి. ట్యాంక్‌బండ్ మీద బస్సులో పోతూ చూసినా సరే. ఆ, చాలామందే ఉన్నారు. మరి ఎక్కినవాళ్ళు? ఒక్కరేనా? ఎన్‌సీసీ కదమ్మా నువ్వు? అనుకున్నాను. నేను కూడా అలాగే వచ్చాను. కాలేజీలో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో చేరితే మొదటిసారి తాడు నా చేతికిచ్చారు. ఇద్దరు కూర్చునే ఎంటర్‌ప్రైజ్ పడవ. మా ఇంట్లో ఎవరికీ పడవలతో సంబంధం లేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఇది బాగా డబ్బున్నవాళ్ళ ఆట అనీ, సముద్రం పక్కన పుట్టినవాళ్ళ ఆట అనీ చాలామందికి ఒక అభిప్రాయం ఉంటుంది. నేహా ఠాకూర్ పేరు విన్నారా? 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో సెయిలింగ్‌లో రజతం తెచ్చింది. ఎక్కడి అమ్మాయి? మధ్యప్రదేశ్, దేవాస్ జిల్లా. రైతు కుటుంబం. చుట్టుపక్కల సముద్రమే లేదు. భోపాల్‌లో పెద్ద చెరువు మీద నేర్చుకుంది. మన ప్రీతి కొంగర ఎక్కడ నేర్చుకుంది? ఇక్కడే, మన హుస్సేన్ సాగర్ మీద. అదే ఏషియన్ గేమ్స్‌లో మన దేశం తరఫున పోటీ చేసింది. కాబట్టి సముద్రం లేదు కదా అనే మాట పక్కన పెట్టేయండి. చెరువు చాలు. గాలి ఉండాలి, నేర్పేవాళ్ళు ఉండాలి.

ఆ నేర్పేవాళ్ళ గురించే ఈ రోజు మాట్లాడతాను.

ముందు పడవ సంగతి. చిన్నపిల్లలు మొదలుపెట్టే పడవ పేరు ఆప్టిమిస్ట్. పొడవు 2.36 మీటర్లు, అంతే. బరువు 35 కిలోలు. ఒక్కరే కూర్చుని నడుపుతారు. 1947లో అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్ ఊళ్ళో క్లార్క్ మిల్స్ అనే ఆయన డిజైన్ చేశాడు. ఊళ్ళో పిల్లలు తక్కువ ఖర్చులో ప్లైవుడ్‌తో చేసుకోగలిగేలా ఉండాలని అడిగితే అలా గీశాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా పిల్లలు దాంట్లోనే మొదలుపెడతారు, పోటీల్లో 15 ఏళ్ళ వరకే. తర్వాత లేజర్. ఇప్పుడు ఇల్కా అంటున్నారు. బ్రూస్ కర్బీ డిజైన్, పొడవు 4.2 మీటర్ల పైచిలుకు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. మన నేత్ర కుమనన్, విష్ణు శరవణన్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది ఈ పడవలోనే. మీ వయసువాళ్ళు మొదలుపెడితే నేరుగా లేజరే.

ఇప్పుడు నన్ను చూడండి. నేను పడవ నడుపుతానని, దానికి నాకు జీతమిస్తారని అనుకుంటున్నారా? కాదు. పిల్లలు తెరచాప పడవల్లో ఉంటారు. నేను మోటారు బోటులో ఉంటాను. నా పని చూడడం. మళ్ళీ చెప్తున్నాను, నా పని చూడడం. ఆరు పడవలు నీళ్ళ మీద ఉంటే ఆరు తెరచాపలూ ఎప్పుడూ నా లెక్కలో ఉండాలి. ఒకరికి పాఠం చెప్తున్నా మిగతా ఐదుగురి లెక్క తప్పకూడదు. అమ్మ పక్కింటావిడతో మాట్లాడుతూనే పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి ఉంచుతుంది చూడండి, అలాంటి చూపు. అది కావాలి. అది లేకపోతే ఎన్ని పతకాలు గెలిచినా ఈ పనికి పనికిరారు.

ఆరు అని ఎందుకన్నానంటే, బ్రిటన్‌లో రాయల్ యాచింగ్ అసోసియేషన్, ఆర్‌వైఏ అంటారు, వాళ్ళ నియమం ప్రకారం ఒక్కరే నడిపే పడవలైతే ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కి ఆరుగురికి మించి ఇవ్వకూడదు. నాకు ఈ నియమం అంటే చాలా గౌరవం. ఒక చోట, పేరు చెప్పను, వేసవి క్యాంపులో ఫీజులు బాగా వస్తున్నాయని ఒక్కొక్కరికి డజను మందిని అప్పజెప్పారు. నేను వాళ్ళకి ఒకటే చెప్పాను: సగం మంది నీళ్ళలో, సగం మంది ఒడ్డు మీద ముడులు నేర్చుకుంటూ ఉంటారు, తర్వాత మారుస్తాను, దీనికి ఒప్పుకుంటే ఉంటాను, లేదంటే వెళ్తాను. ఒప్పుకున్నారు. మీరు రేపు ఈ పనిలోకి వస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి. తల్లిదండ్రులూ, మీరు పిల్లల్ని పంపేటప్పుడు ఫీజు ఎంత అని అడిగే ముందు, ఒక కోచ్‌కి ఎంతమంది పిల్లలు అని అడగండి. సేఫ్టీ బోటు నీళ్ళలో ఉంటుందా, ఒడ్డు మీద ఉంటుందా అని అడగండి.

ఇక నేర్పడం. మొదటి రోజు ఏం నేర్పుతామో చెప్పండి చూద్దాం? తెరచాప ఎత్తడమా? మలుపు తిప్పడమా? కాదు. వదలడం నేర్పుతాం. తాడు వదలడం. తెరచాపని పట్టి ఉంచే తాడుని మెయిన్‌షీట్ అంటాం. గాలి ఎక్కువై పడవ ఒరుగుతోంది అనుకోండి, ఆ తాడు వదిలేస్తే చాలు. తెరచాప గాలిలోకి తిరిగి రెపరెపలాడుతుంది, బలం పోతుంది, పడవ నిలబడుతుంది. ఎంత సులువు! కానీ భయపడ్డ మనిషి చెయ్యి ఏం చేస్తుంది? బిగుస్తుంది. ఏది దొరికితే దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పడవ ఒరుగుతున్నకొద్దీ పిల్లలు తాడు ఇంకా లాగుతారు, ఇంకా ఒరుగుతుంది, పడిపోతుంది. అందుకని ఒడ్డు మీదే పడవని ట్రాలీ మీద పెట్టి, పిల్లని కూర్చోబెట్టి, పక్క నుంచి నేనే పడవని ఒరగదోస్తూ, "వదులు! వదులు!" అని ఎన్నిసార్లు చేయిస్తామో. చెవికి వినపడడం చాలదు. చేతికి తెలియాలి.

రెండో పాఠం బోల్తా పడడం. క్యాప్‌సైజ్ అంటాం. కావాలనే పడేయిస్తాం. లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డుకి దగ్గర్లో, పక్కన నేనుండగా. పడవ పక్కకి పడిపోయాక అడుగు నుంచి ఒక పలక బయటికి వచ్చి ఉంటుంది, డాగర్‌బోర్డ్ అని. దాని మీద నిలబడి వెనక్కి వాలితే పడవ మెల్లగా లేస్తుంది. పన్నెండేళ్ళ పిల్ల కూడా లేపగలదు. మొదటిసారి లేపినప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి మీరు. ఇంతకుముందు నీళ్ళంటే భయపడ్డ పిల్ల, "మేడమ్, ఇంకోసారి" అంటుంది.

ఇక్కడే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం ఉంది. పిల్ల నీళ్ళలో ఉంది. పడవ లేవట్లేదు. ఒకసారి ప్రయత్నించింది, జారింది. రెండోసారి, జారింది. నేను ఐదు మీటర్ల దూరంలో ఉన్నాను. రెండు చేతులతో లాగితే పడవ లేస్తుంది, పని అయిపోతుంది. లేపాలా? ఒడ్డు మీద వాళ్ళమ్మ నిలబడి చూస్తోంది, ఈవిడ ఏం చేయట్లేదేంటి అనుకుంటోంది. లేపకూడదు. పిల్ల ఊపిరి బాగుందా, చలికి వణుకుతోందా, కళ్ళు నన్ను చూస్తున్నాయా, నా మాటకి బదులిస్తోందా, ఇవన్నీ చూస్తూ, మాటలతోనే చెప్పాలి. "కాళ్ళు పలక చివరికి జరుపు. తాడు వదిలేశావా? వదిలెయ్. ఇప్పుడు వెనక్కి వాలు." ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు చెయ్యి వెయ్యాలి అనేది తెలియడమే ఈ వృత్తి. నేను లేపితే ఆ పిల్లకి తెలిసేది ఒకటే, పడితే మేడమ్ వస్తుంది అని. ఏదో ఒక రోజు మేడమ్ దూరంగా ఉంటుంది. అప్పుడు?

కానీ ఒక్క చోట ఒక్క క్షణం కూడా ఆగను. పడవ పూర్తిగా తలకిందులై, మనిషి పైకి కనపడకపోతే. అప్పుడు పాఠం లేదు, ఏం లేదు. ముందు మనిషి, పడవ తర్వాత. పడవ కొట్టుకుపోతే పోనీ. మన చెరువులో ఇంకో ఇబ్బంది ఉంది. లోతు తక్కువ చోట తలకిందులైతే తెరచాప కొయ్య వెళ్ళి అడుగున బురదలో దిగబడుతుంది, పడవ లేవదు. అందుకే కొయ్య చివర గాలి నింపిన చిన్న తేలుడు సంచి కడతాం.

చెరువే కదా, ఏమవుతుంది అంటారు కొందరు. ఆ మధ్యలో బుద్ధుడి విగ్రహాన్ని రోజూ చూస్తాం కదా. 1990లో ఆ విగ్రహాన్ని బార్జి మీద తీసుకెళ్తుంటే నీళ్ళలో పడిపోయింది. మనుషులు చనిపోయారు. ఇదే చెరువులో. విగ్రహం 1992 దాకా అడుగునే ఉంది. చెరువు అన్న మాటకి ధీమా పడకూడదు.

మోటారు బోటు గురించి కూడా ఒక మాట. నడిపేవాళ్ళ కాలికి ఎర్ర తాడొకటి కట్టుకుంటాం, కిల్ కార్డ్ అంటారు. నడిపే మనిషి జారి నీళ్ళలో పడితే తాడు ఊడిపోయి ఇంజన్ వెంటనే ఆగిపోతుంది. 2013 మేలో ఇంగ్లండ్‌లో ప్యాడ్‌స్టో దగ్గర ఒక కుటుంబమంతా బోటులోంచి నీళ్ళలో పడిపోయారు. ఆ తాడు ఎవరూ కట్టుకోలేదు. ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ మళ్ళీ వాళ్ళ మీదికే వచ్చింది. తండ్రి, చిన్న కూతురు చనిపోయారు. నా దగ్గర సహాయకులుగా చేరే కుర్రాళ్ళకి మొదటి రోజు నేను చెప్పేది ఇదే. "అక్కా, రెండు నిమిషాలేగా" అంటారు. రెండు నిమిషాలైనా కట్టుకో తమ్ముడూ. నీళ్ళలో మనిషి పక్కన ఉంటే ఇంజన్ ఆపెయ్. నువ్వు ఎంత బాగా నడుపుతావన్నది నాకు తర్వాత సంగతి.

సరే, ఇప్పుడు డబ్బులు. నాన్నలు అందరూ సర్దుకుని కూర్చున్నారు. అడగాల్సిందే, అడగండి.

మన హైదరాబాద్‌లో ఏడాది ఎలా నడుస్తుందో చెప్తాను. ఏప్రిల్, మే వేసవి క్యాంపులు. ఫీజు కట్టే పిల్లలు ఎక్కువమంది వచ్చేది అప్పుడే, కానీ గాలి నమ్మకం లేనిది కూడా అప్పుడే. పొద్దున అద్దంలా ఉంటుంది, సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి, ఉరుములు. ఉరుము వినపడగానే అందరూ ఒడ్డుకి. నీళ్ళ మీద అన్నిటికంటే ఎత్తుగా ఉండేది తెరచాప కొయ్యే కదా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి. అసలు సెయిలింగ్ అప్పుడు. పోటీలు, రెగట్టాలు అప్పుడు. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి ట్యాంక్‌బండ్ వైపు గాలి కొడుతుంది కాబట్టి, నడపడం రానివాళ్ళు అందరూ చివరికి ట్యాంక్‌బండ్ రాళ్ళ దగ్గర తేలతారు. నా బోటు ఎప్పుడూ ఆ వైపు కాస్త ముందే వెళ్ళి ఉంటుంది. గాలి వేగం 12 నాట్లు, అంటే గంటకి సుమారు 22 కిలోమీటర్లు ఉన్నప్పుడు నీటి మీద అక్కడక్కడ తెల్లటి నురగ కనపడుతుంది. ఆ నురగ పెరుగుతుంటే కొత్తవాళ్ళని వెనక్కి పిలుస్తాను. చలికాలంలో గాలి పల్చబడుతుంది. పని తగ్గుతుంది.

అంటే అర్థమైందా? ఏడాది పొడవునా ఒకే ఆదాయం రాదు. క్లబ్బులో నెల జీతం మీద ఉంటే ప్రతి నెలా వస్తుంది, కానీ అలాంటి ఉద్యోగాలు తక్కువ. మిగతావాళ్ళకి క్యాంపు లెక్కన, రోజు లెక్కన ఇస్తారు. ఒక చోట నాకు, నా తోటివాళ్ళకి గాలి లేని రోజు డబ్బులు కోసేసేవాళ్ళు. నీళ్ళలోకి దిగలేదు కదా అని. నాకు ఇప్పటికీ ఈ విషయంలో కోపం పోలేదు. గాలి లేకపోతే మేమేం ఖాళీగా కూర్చుంటామా? ఒడ్డు మీద పాఠాలు చెప్తాం. బౌలైన్ ముడి, ఎనిమిది ముడి, వాతావరణం, దారి ఎవరు ఎవరికి ఇవ్వాలి అనే నియమాలు. పడవలకి పగుళ్ళు పూడుస్తాం. కాబట్టి పనిలో చేరే ముందే కాగితం మీద రాయించుకోండి, గాలి లేని రోజుకి, వాన రోజుకి ఎంత అని.

పగుళ్ళు అన్నాను కదా. ఈ వృత్తిలో నిలబడ్డవాళ్ళు ఎవరా అని చూస్తే, నేర్పడంతో పాటు బాగుచేయడం కూడా వచ్చినవాళ్ళు. ఫైబర్‌గ్లాస్ పని, చిరిగిన తెరచాప కుట్టడం, తాడు అల్లడం, అవుట్‌బోర్డ్ ఇంజన్ సర్వీసు. ఐటీఐలో మెకానిక్ చదువుతున్న తమ్ముళ్ళు ఇక్కడెవరైనా ఉన్నారా? మీకు ఈ రంగంలో ఒక అడుగు ముందే పడింది. గాలి లేని నెలల్లో ఇంట్లోకి బియ్యం తెచ్చేది ఆ చేతిపనే.

ఇంకో దారి ప్రభుత్వ సర్వీసులు. మన దేశంలో మంచి సెయిలర్లు, కోచ్‌లు చాలామంది ఆర్మీ, నేవీ నుంచి వచ్చినవాళ్ళే. మన సికింద్రాబాద్‌లోనే ఈఎంఈ, అంటే ఆర్మీలో ఇంజనీర్ల విభాగం, వాళ్ళ సెయిలింగ్ అసోసియేషన్ ఉంది, ముంబైలో ఆర్మీ సెయిలర్ల శిక్షణ కేంద్రం, ఆర్మీ యాచింగ్ నోడ్ ఉంది. అక్కడ ఆట, జీతం రెండూ ఉంటాయి. విష్ణు శరవణన్ ఆర్మీ మనిషే.

విదేశాల సంగతి. ఎండాకాలంలో గ్రీస్, టర్కీ తీరాల్లో, చలికాలంలో దుబాయ్, ఒమన్ వైపు, మాల్దీవుల రిసార్టుల్లో ఇన్‌స్ట్రక్టర్లు కావాలి. గది, తిండి వాళ్ళే ఇచ్చే చోట చేతిలో మిగులుతుంది. దానికి సర్టిఫికెట్ కావాలి. చాలా దేశాల్లో చెల్లేది ఆర్‌వైఏ డింగీ ఇన్‌స్ట్రక్టర్. డింగీ అంటే ఇలాంటి చిన్న తెరచాప పడవ. 16 ఏళ్ళు నిండాలి, మోటారు బోటు నడిపే సర్టిఫికెట్, పవర్‌బోట్ లెవెల్ టూ ఉండాలి, ఫస్ట్ ఎయిడ్ ఉండాలి, ముందుగా మీ సెయిలింగ్ ఎలా ఉందో ఒక పరీక్ష, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ కోర్సు. అయితే గల్ఫ్ ఏజెంట్ల గురించి తెలంగాణలో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మీ బంధువుల్లోనే ఎవరో ఒకరు పడి ఉంటారు ఆ బాధ. వీసా మీద ఏ పని అని రాశారో చదవండి. కోచ్ అని పిలిచి బీచ్‌లో కుర్చీలు సర్దించే చోట్లు ఉన్నాయి. ఇంతకుముందు అక్కడ పనిచేసిన మనిషితో మాట్లాడకుండా టికెట్ కొనుక్కోకండి.

ఇక్కడ వెనక కూర్చున్న అమ్మ ఏదో అంటున్నారు. చెప్పండమ్మా. ఆ... ఎండకి అమ్మాయి నల్లబడిపోతుంది, పెళ్ళి సంబంధాలు ఎలా అంటున్నారు. అమ్మా, ఈ మాట నాకు మా అమ్మ కూడా అంది. మీ భయం నాకు తెలుసు. నేను రోజూ పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాను, టోపీ, కళ్ళజోడు, మొహానికి క్రీము. అది అందం కోసం కాదు, నీళ్ళ మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, కళ్ళు దెబ్బతింటాయి, చర్మం దెబ్బతింటుంది. అబ్బాయిలకైనా ఇదే జాగ్రత్త. రంగు మాత్రం మారుతుందమ్మా, మారదని చెప్పను. కానీ మీ అమ్మాయి ఒంటరిగా ఒక పడవని గాలికి ఎదురు తీసుకెళ్ళి, గట్టు చేరి, తన పడవ తనే కడుక్కుని ఇంటికొస్తే, మీరు ఆ అమ్మాయిని చూసే చూపు కూడా మారుతుంది. నేను చాలామంది అమ్మల్లో చూశాను.

నీళ్ళ శుభ్రం గురించి కూడా దాచను. కూకట్‌పల్లి నాలా నుంచి మురుగు ఈ చెరువులోకే వచ్చింది ఇన్నేళ్ళూ. వాసన ఉంటుంది. ఒంటి మీద తెగిన గాయం ఉంటే ఆ పిల్లని నేను నీళ్ళలోకి దించను, ఎంత ఏడ్చినా సరే. దిగి వచ్చాక ముందు సబ్బుతో స్నానం, తర్వాతే టిఫిన్. ఈ చెరువు మీద బతికే మనిషిగా చెప్తున్నాను, దీన్ని బాగుచేయమని అడిగే హక్కు మన అందరికీ ఉంది, అడగాలి.

ఇప్పుడు ఆసక్తి ఉన్నవాళ్ళకి. ముందు ఈత. లైఫ్ జాకెట్ ఉంటుంది కదా అనుకోకండి, కోచ్ కావాలంటే ఈత బాగా రావాలి. రెండు, మీ కాలేజీకి ఎన్‌సీసీ నేవల్ యూనిట్ ఉందో లేదో ఆఫీసులో కనుక్కోండి. డబ్బు ఖర్చు లేకుండా నీళ్ళ మీదికి తీసుకెళ్ళే దారి అదే. మూడు, ఫస్ట్ ఎయిడ్. గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ అని కేంద్ర పర్యాటక శాఖ సంస్థ ఉంది, అక్కడ ప్రాణరక్షణ, పవర్‌బోట్ నడపడం కోర్సులు ఉంటాయి. పోటీల్లోకి, కోచింగ్‌లోకి వెళ్ళాలంటే మన దేశంలో సెయిలింగ్‌కి పెద్ద సంస్థ యాచింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. వాళ్ళ గుర్తింపు ఉన్న క్లబ్బులో చేరండి. మొదటి ఏడాది కోచ్‌కి సహాయకుడిగా పడవలు మోయండి, కడగండి, తాళ్ళు చుట్టండి. అప్పుడు కూడా కళ్ళు నీళ్ళ మీదే ఉంచండి. ఏ పిల్ల ఎందుకు పడిపోయిందో, పడకముందే మీకు తెలియడం మొదలైతే, అప్పుడు వచ్చి ఇన్‌స్ట్రక్టర్ కోర్సు గురించి నన్ను అడగండి.

ఇంకా టైముందా సార్? పది నిమిషాలా? సరే. ఇందాక చెయ్యెత్తిన అమ్మాయి నుంచి మొదలుపెడదాం. అడుగమ్మా, నీ ప్రశ్న ఏంటి?